నెట్టింట్లో ఒంటరి

కాలేజీ అమ్మాయి చేతిలో ఫోను ఉండటం ఇప్పుడు వింతేం కాదు. దాన్ని కింద పెట్టలేకపోవడం, పెట్టమంటే కళ్లనీళ్లు రావడం, పెట్టాక ఏం చేయాలో తోచకపోవడం... అదీ సంగతి! ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి ఊళ్లలో ఈ కథ నగరాల్లోకన్నా కాస్త వేరుగా నడుస్తోంది.

రాత్రి పదకొండు దాటింది. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల షట్టర్లు ఎప్పుడో దిగాయి. ఓ మేడమీది గదిలో డిగ్రీ రెండో ఏడాది చదివే అమ్మాయి నిండా దుప్పటి కప్పుకుంది. దుప్పటి లోపల మాత్రం వెలుతురు.

'ఏందమ్మీ, ఇంగా పండుకోలేదా?' పక్కగదిలోంచి అమ్మ.

'పండుకుంటాండా మా.'

వెలుతురు ఆరింది. రెండు నిమిషాలాగి మళ్లీ వెలిగింది.

పులివెందులలో ఓ ఇంజినీరింగ్ హాస్టల్ గది. నాలుగు మంచాలు, నలుగురు అమ్మాయిలు, నాలుగు ఫోన్లు. ఒకమ్మాయి ఏదో చూసి ఫక్కున నవ్వింది. 'ఏంటే?' అని అడిగినవాళ్లు లేరు. మిగతా ముగ్గురి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లున్నాయి మరి!

జమ్మలమడుగు బస్టాండులో సాయంత్రం ఐదు. పల్లెకెళ్లే బస్సు రావడానికి ఇంకా టైముంది. బెంచీమీద కూర్చున్న అమ్మాయి ఫోనులో గండికోట లోయ చూస్తోంది. ఎక్కడో హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు తీసి పెట్టిన రీలు అది. గండికోట అక్కడికి పదిహేను కిలోమీటర్లే. కానీ స్నేహితురాళ్లతో కలిసి వెళ్లొస్తానంటే ఇంట్లో ఒప్పుకోరు.

ఇవి ఫలానా ఇంట్లో, ఫలానా హాస్టల్లో జరిగినవని చెప్పడం లేదు. కాలేజీకెళ్లే ఆడపిల్ల ఉన్న ఏ ఇంటికైనా అతికే ముచ్చట్లే. చూడటానికి చిన్నవి. వీటి వెనకున్న నిద్రలేమి, దిగులు, ఎవరికీ చెప్పుకోలేనితనం మాత్రం చిన్నవి కావు.

ఇంట్లో తొలి 'నెట్' మనిషి

మనదేశంలో సామాన్యుడికి ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. అప్పటి ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ మొదలుపెట్టింది. రాయలసీమ ఊళ్లలో అది నెట్ సెంటర్ల రూపంలో కనిపించడానికి మరికొన్నేళ్లు పట్టింది. ఎంసెట్ ర్యాంకు వచ్చిందా, ఇంటర్ మార్కులెన్ని... వీటికోసమే ఆడపిల్లలు ఆ మెట్లెక్కేవారు. అదీ నాన్నో అన్నో పక్కనుంటేనే. గంటకింత అని డబ్బు కట్టి, చెక్క గదిలో కూర్చుని యాహూ మెసెంజర్‌లో కబుర్లు చెప్పుకోవడం మగపిల్లల సరదాగానే ఉండేది. ఆర్కుట్ వచ్చింది, 2014లో వెళ్లిపోయింది. యాహూ మెసెంజర్ 2018లో మూతపడింది. నెట్ సెంటరు జిరాక్స్ అంగడైపోయింది.

అసలు మార్పు 2016 సెప్టెంబరు 5న మొదలైంది. ఆ రోజు జియో వచ్చింది. అంతకుముందు 1 జీబీ డేటాకు 200 రూపాయలకు పైనే పెట్టి, దాన్ని నెలంతా పొదుపుగా వాడుకునేవాళ్లం. ఆ తర్వాత రోజుకు జీబీ, జీబీన్నర చొప్పున ఖర్చుచేయడం అలవాటైంది. రాత్రి పన్నెండుకి మిగిలిన డేటా 'వృథా' అయిపోతుందని మేలుకుని వాడేసేవాళ్లను చూస్తే, అన్నం మిగిలిపోతుందని ఆకలి లేకపోయినా తినేవాళ్లు గుర్తొస్తారు!

2020లో కరోనా వచ్చింది. కాలేజీలు మూతపడ్డాయి, పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. అప్పటిదాకా ఆడపిల్లకు ఫోనెందుకన్న ఇళ్లు కూడా అప్పోసప్పో చేసి కొనిచ్చాయి. ఆన్‌లైన్ క్లాసులు కొన్నాళ్లకు ఆగాయి. ఫోను ఆగలేదు. అదే ఏడాది జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించింది. వారం పదిరోజుల్లోనే ఇన్‌స్టాగ్రామ్ మనదేశంలో రీల్స్ తెచ్చింది. ఖాళీ అయిన కుర్చీలో మరొకరు కూర్చున్నారంతే.

ఇక్కడ ఓ లెక్క చూడాలి. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవారు 21 శాతం. మగవారిలో దాదాపు 49 శాతం. దేశం మొత్తమ్మీద మహిళల్లో 33 శాతం. తర్వాత ఈ అంకెలు పెరిగే ఉంటాయి. కానీ ఆ సర్వే నాటికి కాలేజీకొచ్చిన అమ్మాయిల ఇళ్లు ఎలాంటివో అది చెబుతుంది. అమ్మకు నెట్ తెలియదు. అవ్వకు అసలే తెలియదు. పెద్దముడియం, రాజుపాళెం, లింగాల, సింహాద్రిపురం లాంటి మండలాల పల్లెల నుంచి డిగ్రీకొచ్చే అమ్మాయి చాలాసార్లు ఆ ఇంట్లో తొలి కాలేజీ మనిషే కాదు, ఆడవాళ్లలో తొలి నెట్ మనిషి కూడా. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆమే పెట్టాలి, నాన్న బ్యాంకు ఓటీపీ ఆమే చూడాలి, తమ్ముడి హాల్‌టికెట్ ఆమే తీయాలి. వంటింట్లో తప్పుచేస్తే సరిదిద్దడానికి అమ్మ ఉంది. ఇక్కడ ఆమెకు ముందు నడిచినవాళ్లెవరూ లేరు.

అబ్బాయికి టీకొట్టు... అమ్మాయికి?

సాయంత్రం కాలేజీ వదిలాక ఓసారి గమనించండి. అబ్బాయిలు టీకొట్టు దగ్గర ఆగుతారు. క్రికెట్ ఆడతారు. బండెక్కి ఊరంతా ఓ చుట్టు చుట్టొస్తారు. ఏమీ లేకపోతే అరుగుమీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తారు. అమ్మాయి నేరుగా ఇంటికో హాస్టల్‌కో వెళ్లాలి. కాస్త ఆలస్యమైతే ఫోన్లు మొదలవుతాయి. దసరాకి ప్రొద్దుటూరు అమ్మవారిశాల ముందు జనసందోహంలో తిరిగినా ఇంటిల్లిపాదీ వెంట ఉండాల్సిందే.

కాబట్టి ఆ అమ్మాయికి ఫోనంటే ఒట్టి ఫోను కాదు. వీధి, అరుగు, సినిమాహాలు, స్నేహితురాలి ఇల్లు... అన్నీ అదే. 'ఎప్పుడు చూసినా ఆ ఫోనే!' అని విసుక్కునే పెద్దలు ఈ ఒక్క విషయం ఆలోచించాలి. ఫోను లేకపోతే ఆమె ఎక్కడికి వెళ్లాలి? మన ఊళ్లలో ఆడపిల్ల వెళ్లి ఓ గంట ఊరికే కూర్చోగల చోటు ఎన్ని ఉన్నాయి? గుడి ఉంది. ఇంకా?

ఈ మాట ఫోనును వెనకేసుకురావడానికి కాదు. పట్టుకున్న చేతిని చూడకుండా పట్టుబడిన వస్తువును మాత్రమే తిడితే పని జరగదని చెప్పడానికి.

వేళాకోళంగా పుట్టిన జబ్బు

'ఇంటర్నెట్ వ్యసనం' అన్నమాట ఎలా పుట్టిందో తెలిస్తే నవ్వొస్తుంది. ఐవన్ గోల్డ్‌బర్గ్ అని న్యూయార్క్‌లో ఓ మానసిక వైద్యుడుండేవారు. 1995లో ఆయన మానసిక వైద్యుల లావుపాటి గ్రంథాన్ని ఎగతాళి చేస్తూ, అచ్చం దాని శైలిలోనే ఓ ఉత్తుత్తి జబ్బును కల్పించారు. దానికి లక్షణాలు కూడా రాసిపెట్టారు. అది చదివినవాళ్లు నవ్వి ఊరుకోలేదు. తమకు ఆ జబ్బు ఉందని, సాయం చేయమని ఆయనకు రాయడం మొదలుపెట్టారు!

దాన్ని వేళాకోళంగా తీసుకోని మనిషి కింబర్లీ యంగ్. అమెరికాకు చెందిన ఈ సైకాలజిస్టు 1996లో ఓ కేసును ప్రచురించారు. అప్పట్లో కంప్యూటర్‌కు అతుక్కుపోయేది కుర్రాళ్లేనని అందరూ అనుకునేవారు. ఆమె రాసిన కేసులో ఉన్నది 43 ఏళ్ల గృహిణి! కంప్యూటర్ గురించి పెద్దగా తెలియదు. అంతకుముందు ఏ వ్యసనమూ లేదు, మానసిక సమస్యా లేదు. ఇంట్లోకి కంప్యూటరొచ్చిన మూడు నెలల్లోనే వారానికి 50 నుంచి 60 గంటలు చాట్‌రూముల్లో గడిపే స్థితికి వచ్చింది. అక్కడ తనను పలకరించేవాళ్లున్నారు, తన కోసం ఎదురుచూసేవాళ్లున్నారు. ఇంట్లో భర్త, పిల్లలు దూరమయ్యారు. ముప్ఫై ఏళ్లనాటి ఈ కేసు మన కథకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఆ గృహిణిని కట్టిపడేసింది కంప్యూటర్ కాదు, పలకరింపు.

యంగ్ మొదట్లో తయారుచేసిన ప్రశ్నలను జూద వ్యసనాన్ని గుర్తించే కొలమానం నుంచి మలుచుకున్నారు. ఎందుకంటే సారా, గంజాయిలా ఇక్కడ ఒంట్లోకి వెళ్లే పదార్థమేదీ లేదు. మట్కా నంబరు కోసం ఎదురుచూసేవాడిలా మనసే మత్తెక్కుతుంది. తర్వాత ఆమె రూపొందించిన 20 ప్రశ్నల పరీక్షను ప్రపంచవ్యాప్తంగా పరిశోధకులు వాడుతున్నారు. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5 మార్కులు. మొత్తం 30 లోపు వస్తే మామూలు వాడకం. 31-49 అయితే కొద్దిపాటి సమస్య. 50-79 మధ్య ఉంటే గట్టిగా పట్టించుకోవాలి. 80 దాటితే తీవ్రం. ఆ ప్రశ్నలు గంటల లెక్కలు మాత్రమే అడగవు. అనుకున్నదానికన్నా ఎక్కువసేపు ఉండిపోతున్నారా, ఎంతసేపున్నారో ఇతరుల దగ్గర దాస్తున్నారా, మధ్యలో ఎవరైనా కదిలిస్తే కస్సుమంటున్నారా, బాధ పుట్టించే ఆలోచనలను నెట్‌తో మూసేస్తున్నారా... ఈ తీరులో సాగుతాయి. చివరిదాన్ని మరోసారి చదవండి. కాలేజీ అమ్మాయిల విషయంలో అసలు కిటుకంతా అందులోనే ఉంది.

ఒకమాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. ఇంటర్నెట్ వ్యసనాన్ని ఇప్పటికీ అధికారికంగా జబ్బుల జాబితాలో చేర్చలేదు. 2013లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథం ఇంటర్నెట్ గేమింగ్‌ను 'ఇంకా పరిశోధించాల్సినవి' అన్న వరుసలో పెట్టింది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన జబ్బుల పట్టికలో ఆటల వ్యసనానికి చోటు దక్కింది. రీల్స్ చూడటం, చాటింగ్ వంటివి అందులో విడిగా లేవు. కాబట్టి కూతురు రెండు గంటలు ఫోను చూసిందని 'దీనికి జబ్బు పట్టింది' అని తేల్చేయకండి.

వేలికి అలుపు రాదు

2006లో ఏజా రాస్కిన్ అనే ఇంజినీరు ఓ ఉపాయం కనిపెట్టారు. అంతకుముందు కంప్యూటర్‌లో ఒక పేజీ అయిపోతే 'తర్వాతి పేజీ' అని నొక్కాల్సివచ్చేది. అలా నొక్కే అవసరం లేకుండా కిందికి జరుపుతూ ఉంటే కొత్తది వస్తూనే ఉండేలా చేశారాయన. పుస్తకానికి ఆఖరి పేజీ ఉంటుంది, సినిమాకు 'శుభం' కార్డు పడుతుంది. ఫోనులో ఆ కార్డు తీసేశారు. తర్వాతి రోజుల్లో తాను కనిపెట్టినదానికి రాస్కినే బహిరంగంగా బాధపడ్డారు.

ఇంకో సంగతి. బి.ఎఫ్. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేశారు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలేసినప్పుడే నొక్కుతుంది. ఎప్పుడు పడుతుందో తెలియకపోతే మాత్రం ఆపకుండా నొక్కుతూనే ఉంటుంది. రీల్స్ అంతే! పది చప్పనివి, పదకొండోది బ్రహ్మాండం. ఆ పదకొండోది ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి వేలు ఆగదు. అది అమ్మాయి బలహీనత అనుకుంటే పొరపాటు. అవతల వందలమంది ఇంజినీర్లు కూర్చుని ఆగకుండా ఉండేలా తయారుచేసిన వస్తువు అది.

రోజుకు నాలుగు గంటలు ఫోనులో పోతున్నాయనుకుందాం. ఏడాదికి 1,460 గంటలు. అంటే రాత్రీపగలూ కలిపి 60 రోజులు. మూడేళ్ల డిగ్రీలో ఆరు నెలలు!

దిగులు ముందా... ఫోను ముందా?

ఫోను ఎక్కువ చూస్తే దిగులొస్తుందా? దిగులుగా ఉన్నవాళ్లు ఫోను ఎక్కువ చూస్తారా? పరిశోధకులు పాతికేళ్లకు పైగా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నారు.

1998లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ క్రౌట్ బృందం ఓ అధ్యయనం వెలువరించింది. పిట్స్‌బర్గ్‌లో 73 కుటుంబాలకు చెందిన 169 మందికి కంప్యూటరూ నెట్టూ ఇచ్చి, ఏడాది రెండేళ్లపాటు గమనించారు. ఎక్కువ వాడినవాళ్లు ఇంట్లోవాళ్లతో మాట్లాడటం తగ్గింది. దిగులు, ఒంటరితనం కాస్త పెరిగాయి. మనుషులను కలపాల్సిన వస్తువు ఒంటరిని చేయడమేంటని అందరూ ఆశ్చర్యపోయారు. 2002లో అదే బృందం మళ్లీ వచ్చి మరో మాట చెప్పింది. తొలి అధ్యయనంలో కనిపించిన నష్టాలు తర్వాత చాలావరకూ కనుమరుగయ్యాయి. అయితే కొత్తగా గమనించినవాళ్లలో ఓ తేడా ఉంది. నలుగురితో కలివిడిగా ఉండేవాళ్లకు నెట్‌వల్ల మేలే జరిగింది. బిడియస్తులు మాత్రం మరింత ఒంటరులయ్యారు. ఉన్నమ్మకే ఉడుగర అన్నట్టు!

క్లాసులో నలుగురు స్నేహితురాళ్లుండి, ఇంట్లో అన్నీ చెప్పుకోగలిగే అమ్మాయికి ఫోను మరో ఆసరా. అదే పల్లె నుంచి వచ్చి, తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లిష్ పాఠం అర్థంకాక, అడగడానికి సిగ్గుపడి వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయికి...? అక్కడ ఎవరూ నవ్వరు, ప్రశ్నలు వేయరు. అందుకే ఆ దారి హాయిగా ఉంటుంది. వెళ్లినకొద్దీ క్లాసు దూరమవుతుంది. ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఈ అమ్మాయికే.

తగ్గిస్తే ఫలితం ఉంటుందా? 2018లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 143 మంది విద్యార్థులతో పరీక్షించింది. కొందరిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకు 10 నిమిషాలే చూడమన్నారు. మిగతావాళ్లను మామూలుగా ఉండమన్నారు. మూడు వారాలకల్లా తగ్గించినవాళ్లలో ఒంటరితనం, దిగులు తగ్గాయి. గమనించారా? పూర్తిగా మానేయమనలేదు, ఫోను లాక్కోలేదు.

మరోవైపు 2019లో అమీ ఆర్బెన్, ఆండ్రూ షిబిల్‌స్కీ అనే ఇద్దరు ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మూడున్నర లక్షలమందికి పైగా కుర్రకారు వివరాలు జల్లెడ పట్టారు. డిజిటల్ పరికరాల వాడకానికీ మానసిక క్షేమానికీ ఉన్న లంకె చాలా చిన్నదని తేల్చారు. ఎంత చిన్నదంటే, బంగాళాదుంపలు తినడానికీ మనసు బాగుండటానికీ ఉన్న లంకె అంత! ఇది లక్షలమందికి సగటు లెక్క. ఊరి సగటు వర్షపాతం బాగుందంటే ప్రతి చేనూ తడిసిందని కాదుగా. సీమవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా!

నిద్ర దగ్గర మాత్రం ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. రాత్రి ఒంటిగంటదాకా మేలుకుని ఉదయం ఆరింటికి లేచి ఏడున్నర బస్సు పట్టుకునే అమ్మాయికి ఐదు గంటల నిద్రే దక్కుతుంది. తలనొప్పి, చిరాకు, క్లాసులో కునుకు, చిన్నమాటకే ఏడుపు... వీటిలో చాలావాటికి మూలం అదే. మనసు సంగతి తర్వాత, ముందు నిద్ర సరిచేస్తే సగం చిరాకు పోతుందని పెద్దలకు తెలియనిది కాదు.

ఇక పోలిక. 2021లో ఫేస్‌బుక్ సంస్థ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సిస్ హాగెన్ బయటపెట్టిన ఆ సంస్థ లోపలి పత్రాల్లో, తమ ఒంటి తీరు నచ్చని టీనేజీ అమ్మాయిల్లో కొందరికి ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను పెంచుతోందన్న విషయం ఉంది. పక్కింటి అమ్మాయి రంగుతో పోల్చుకోవడం ఎప్పుడూ ఉన్నదే. కానీ పక్కింటి అమ్మాయి పొద్దున లేచిన మొహంతో కూడా కనిపిస్తుంది. ఫోనులోని అమ్మాయి ఎప్పుడూ ఫిల్టరు వేసుకునే వస్తుంది.

అసలు భయం

ఈ ఊళ్లలో నెట్ వల్ల అమ్మాయిల మనసు మీద పడే పెద్ద బరువు రీల్స్ కాదేమో అనిపిస్తుంది. భయం! ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ప్రొఫైల్ ఫోటో తీసుకుని మార్ఫింగ్ చేస్తాడు. లేదంటే నాలుగు నెలలు తియ్యగా మాట్లాడి, పంపిన ఫోటో అడ్డం పెట్టుకుని బెదిరిస్తాడు. అప్పుడు అమ్మాయి ముందు రెండు దారులుంటాయి. ఇంట్లో చెప్పడం, చెప్పకపోవడం. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ముందు ఫోను పోతుంది. తర్వాత కాలేజీ పోతుంది. ఆపైన 'ఎందుకొచ్చిన తలనొప్పి, సంబంధాలు చూడండి' అంటారు. తప్పుచేసినవాడు హాయిగా ఉంటాడు. చదువు ఆగిపోయేది ఈమెకు. అందుకే చెప్పదు. చెప్పకుండా అడిగినంత డబ్బిచ్చుకుంటుంది, లేదా రాత్రిళ్లు నిద్రమానుకుని ఆ ఫోనునే చూస్తూ కూర్చుంటుంది. పెద్దలకు అది 'ఫోను పిచ్చి'లా కనిపిస్తుంది!

కూతురు కాలేజీలో చేరిన రోజే అమ్మానాన్నలు చెప్పాల్సిన మాట ఒకటుంది. 'అమ్మీ, ఎవరైనా బెదిరిస్తే మాకు చెప్పు. నీ చదువు మాన్పించం.' ఈ హామీ ముందే ఇస్తే బెదిరించేవాడి చేతిలో ఆయుధం సగం మొద్దుబారినట్టే.

చట్టం కూడా అమ్మాయి పక్షానే ఉంది. అనుమతి లేకుండా ఒకరి ఆంతరంగిక చిత్రాలు తీసినా, పంచినా ఐటీ చట్టం 66-ఈ సెక్షన్ కింద మూడేళ్లదాకా జైలు. వద్దన్నా వెంటపడి, నెట్‌లో ఆమె ఏం చేస్తోందో కనిపెట్టుకుని ఉండటం కూడా భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం నేరం. ఊళ్లో స్టేషన్‌కెళ్తే నలుగురికీ తెలుస్తుందన్న బెంగ ఉంటే, నేరం ఎక్కడ జరిగినా మరో ఊరి స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. తీసుకోవాల్సిందే. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంటినుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. డబ్బు గుంజితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పద్దెనిమిదేళ్లు నిండినవారికి 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే ఉచిత సేవ 2021 నుంచి ఉంది. ఫోటో మన ఫోను దాటదు. దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి సంస్థలకు చేరుతుంది. ఆ ఫోటోను ఎవరైనా అక్కడ పెట్టబోతే గుర్తించి ఆపడానికి వీలవుతుంది. మెసేజీలు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు దాచుకోవడం మరవకూడదు.

లాక్కుంటే పోతుందా?

బలవంతంగా మాన్పించాలని చూసిన దేశాలున్నాయి. చైనాలో పట్టాల మీదికి తెస్తామంటూ సైనిక శిక్షణ తరహా శిబిరాలు పుట్టుకొచ్చాయి. 2009లో అలాంటి ఓ శిబిరంలో 15 ఏళ్ల కుర్రాణ్ని చావగొట్టారు. నిజంగానే చనిపోయాడు. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్లలోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరింటిదాకా ఆన్‌లైన్ ఆటలు ఆడకుండా చట్టం తెచ్చింది. పదేళ్లు చూసి, 2021లో దాన్ని ఎత్తేయాలని నిర్ణయించింది. ఆస్ట్రేలియా పదహారేళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదంది. 2025 డిసెంబరు 10 నుంచి అది అమల్లోకి వచ్చింది. అదంతా పిల్లల సంగతి. మన కాలేజీ అమ్మాయికి ఓటుహక్కు ఉంది. ఆమె ఫోను లాక్కోవడం ఎన్నాళ్లు సాగుతుంది?

ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. రాత్రి పదింటికి అందరి ఫోన్లూ హాల్లో చార్జింగ్‌కు పెట్టడం. అందరివీ అంటే నాన్నదీ అన్నదీ కూడా! నిద్ర లేవడానికి అలారం కావాలంటే వంద, రెండొందలకు గడియారం వస్తుంది. ఏ యాప్‌లో ఎంతసేపు పోతోందో 2018 నుంచి ఫోన్లే లెక్కచెబుతున్నాయి. సెట్టింగ్స్‌లో చూసి, గంట దాటితే యాప్ ఆగిపోయేలా పెట్టుకోవచ్చు. నోటిఫికేషన్లు కట్టేయొచ్చు. అయితే ఇవన్నీ ఖాళీచేయడానికే పనికొస్తాయి. ఖాళీ అయిన గంటలో ఏం పెడతారన్నదే అసలు పరీక్ష. సాయంత్రం కాలేజీ గ్రౌండులో అమ్మాయిలకో గంట, పట్టణంలోని లైబ్రరీలో ఆడపిల్లలకో మూల, ఆదివారం స్నేహితురాలి ఇంటికి పంపడం, బస్సెక్కి నలుగురూ కలిసి గండికోటకు వెళ్లిరావడం... ఇవి ఇవ్వకుండా ఫోను మాత్రం పెట్టేయమంటే ఆ అమ్మాయి గోడలకేసి చూస్తూ కూర్చోవాలా?

దిగులు రెండు వారాలకు మించి ఉన్నా, తిండీ నిద్రా తప్పినా, ఇష్టమైనవాటిమీద మనసు పోకపోయినా, 'బతకాలని లేదు' లాంటి మాట నోట వచ్చినా... అప్పుడిక ఫోను సంగతి పక్కనపెట్టి డాక్టరు దగ్గరికెళ్లాలి. కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్లేలోపు మాట్లాడటానికి కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ-మానస్ ఉంది. నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నెట్, ఫోను వ్యసనాల కోసమే బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి 'షట్ క్లినిక్' నడుస్తోంది. కడపవాళ్లకు బెంగళూరు కొత్తేం కాదు కదా.

ఇక కాలేజీల సంగతి. విశాఖపట్నంలో ఓ విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో 15 మార్గదర్శకాలు ఇచ్చింది. దేశమంతటా వర్తిస్తాయవి. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హతగల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని నియమించాలని అందులో ఉంది. అంతకన్నా తక్కువమంది ఉంటే బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. వంద మంది అంటే ఎంత? మన పట్టణాల్లో రెండు సెక్షన్లు నడిపే డిగ్రీ కాలేజీ కూడా ఆ లెక్కలోకి వచ్చేస్తుంది. అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజెంత, బస్సుందా, హాస్టల్లో పప్పన్నం ఎలా ఉంటుందని అడుగుతాం. ఈసారి మరోటి కూడా అడగండి... కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు, అమ్మాయిలు వెళ్లి మాట్లాడితే ఆ మాట ఆ గదిలోనే ఉంటుందా అని.